“తర్వాత టీచరేగా?” అన్న మాట గురించి

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్, ఆ చుట్టుపక్కల ఊళ్లలోని తెలుగు సంఘాల పెద్దలకు, పిల్లల్ని బ్యాలే క్లాసుకు పంపుతున్న అమ్మానాన్నలకు,

నమస్కారం.

మొన్న ఉగాది కార్యక్రమం అయ్యాక భోజనాల దగ్గర ఒక మాట విన్నాను. ఇప్పటికీ అది నా చెవిలో మోగుతూనే ఉంది. పదహారేళ్ల అమ్మాయి. చిన్నప్పటినుంచీ బ్యాలే అనే యూరప్ నాట్యం నేర్చుకుంటోంది. ఇప్పుడు పూర్తికాలం బ్యాలే నేర్పే స్కూల్లో సీటు వచ్చింది. ఆ సంగతి వాళ్లమ్మ సంబరంగా చెబుతుంటే, పక్కనే పులిహోర వడ్డించుకుంటున్న పెద్దాయన ఒకరు, “ముప్పై అయిదేళ్లకి అయిపోయే ఉద్యోగం కదమ్మా, తర్వాత ఏం చేస్తుంది? టీచరేగా?” అన్నారు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. ఆడపిల్ల భవిష్యత్తు గురించి బెంగతోనే అన్నారు. వాళ్లమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. ఆ పిల్ల మాత్రం ప్లేటు బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్లిపోయింది.

నేను కూడా అక్కడే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. అప్పుడు అనవలసింది ఇప్పుడు రాస్తున్నాను.

నేను మీలో చాలామందికి తెలుసు. శనివారాలు మీ పిల్లలకు కూచిపూడి చెబుతాను. మచిలీపట్నంలో పుట్టాను, ఏడో ఏట గజ్జె కట్టాను, పెళ్లయి ఈ దేశం వచ్చాక కూడా ముప్పై తొమ్మిదేళ్ల వరకు ప్రదర్శనలు ఇచ్చాను. తర్వాత కుడి మోకాలు మొరాయించింది. ఆపరేషన్ అయింది. తరంగంలో పళ్లెం అంచుల మీద నిలబడే రోజులు అక్కడితో అయిపోయాయి. ఆ తర్వాత రెండేళ్లకి ఒక సంఘం వాళ్లు నన్ను వేదిక మీదికి పిలిచి “ఒకప్పటి నర్తకి” అని పరిచయం చేశారు. అప్పటికి నా దగ్గర ఇరవై ఆరుమంది పిల్లలు నేర్చుకుంటున్నారు. ఆ సాయంత్రం వేదిక మీద ఆడిన పదకొండుమందీ నా పిల్లలే. అయినా నేను “ఒకప్పటి” మనిషినే. ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో నాకు తెలుసు కాబట్టే ఆ పిల్ల ప్లేటు ఎందుకు వదిలేసిందో అర్థమైంది.

పెద్దాయన మాటలో మొదటి సగాన్ని నేను కాదనను. బ్యాలే శరీరాన్ని తొందరగా అరగదీస్తుంది. ప్యారిస్ ఒపేరా బ్యాలే అనే ఫ్రాన్స్ నాట్య కంపెనీలో నాట్యకారుల పదవీ విరమణ వయసు 42. అక్కడి పింఛను ఏర్పాటు పద్నాలుగో లూయీ రాజు కాలంలో మొదలైంది. 2019లో ఫ్రాన్స్ ప్రభుత్వం పింఛన్ల పద్ధతి మారుస్తానన్నప్పుడు, ఆ కంపెనీ అమ్మాయిలు డిసెంబరు 24న చలిలో ఒపేరా భవనం ముందు మెట్ల మీద ‘స్వాన్ లేక్’ అనే హంసల కథ బ్యాలేలోని ఒక భాగం ఆడి నిరసన చెప్పారు. ఆ వీడియో చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. చిన్నతనం నుంచి ఒళ్లు వంచి చేసిన పనికి నలభై రెండేళ్ల తర్వాత అన్నం ఎలా అని అడగాల్సి రావడం చిన్న కష్టం కాదు. చాలా కంపెనీల్లో నలభై రెండు దాకా కూడా సాగదు. ముప్పైల మధ్యలోనే తుంటో, మోకాలో, చీలమండో ఇక చాలని చెప్పేస్తుంది.

అందుకే ఈ దేశంలో 1970ల నుంచే డాన్సర్స్ కెరీర్ డెవలప్‌మెంట్ అనే సంస్థ ఉంది. ఆడటం మానేసే నాట్యకారులకు కొత్త చదువుకూ శిక్షణకూ డబ్బు సాయం, సలహా ఇస్తుంది. కెనడాలో జాయ్‌సాన్ సిడిమస్ అనే బ్యాలే నర్తకి తాను మానేశాక 1985లో ఇలాంటి సంస్థనే పెట్టింది. కాబట్టి “తర్వాత ఏం చేస్తుంది?” అన్న ప్రశ్న అడగండి, తప్పకుండా అడగండి. స్కూలు వాళ్లని అడగండి, కంపెనీల వాళ్లని అడగండి. పిల్ల ఆ మాటకు చిన్నబుచ్చుకోదు. ఆ తర్వాత వచ్చిన “టీచరేగా”లోని చివరి “గా” ఉంది చూశారూ, గొడవంతా దానితోనే.

మా హాలు సంగతి కొంచెం చెప్పాలి. అది ఒక చర్చి వాళ్ల హాలు. చెక్క నేల, ఒక మూల పాత పియానో. శనివారం పది నుంచి పదకొండున్నర దాకా బ్యాలే క్లాసు, పన్నెండింటికి నా క్లాసు. ఏడేళ్లుగా నేను గంట ముందే వెళ్లి వెనక కుర్చీలో కూర్చుంటున్నాను. బ్యాలే చెప్పే ఆవిడ పేరు ఇక్కడ రాయను. పేరు వెయ్యమని ఆవిడ అడగలేదు, నేనూ అనుమతి తీసుకోలేదు. పదిహేనేళ్లు ఒక కంపెనీలో బృందంలో ఆడారు. హంసల గుంపులో ఒక హంస, మంచు తునకల గుంపులో ఒక తునక. పోస్టరు మీద ఆవిడ బొమ్మ ఎప్పుడూ పడలేదు. తుంటి అరిగిపోయి ముప్పై ఆరో ఏట మానేశారు.

ఒక శనివారం ఓ తొమ్మిదేళ్ల పాప ప్లియే చేస్తోంది. పాదాలు పక్కలకు తిప్పి, వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్లు వంచడాన్ని ప్లియే అంటారు. బ్యాలే క్లాసు మొదలయ్యేది దానితోనే, ఎంత పెద్ద నర్తకి అయినా సరే. కూచిపూడిలో మోకాళ్లు వంచి నిలబడే మన అరమండికి దగ్గరి చుట్టం. పాప పాదాలు బాగా తెరుచుకున్నాయి గానీ మోకాళ్లు లోపలికి వాలిపోతున్నాయి. నేనైతే “మోకాళ్లు తెరువు” అని కేకేసేదాన్ని. ఆవిడ వెళ్లి పాప పక్కన నేల మీద కూర్చున్నారు. పాప చేతిని పాప తుంటి మీదే పెట్టించి, “ఇక్కడి నుంచి తిప్పు. ఎంత తిరిగితే అంతే, చాలు” అన్నారు. పాదాలు ఇందాకటికన్నా తక్కువ తెరుచుకున్నాయి. చూసేవాళ్లకు అందం తగ్గినట్టే ఉంది. కానీ మోకాలు తిన్నగా పాదం వేళ్ల మీదికి వచ్చింది. పాప మొహంలో అప్పటిదాకా ఉన్న బిగువు పోయింది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. “కూర్చో, ఇంకా కూర్చో” అంటూ మా మాస్టారు తాళం కర్రతో నేల మీద కొడుతుంటే, సిమెంటు గచ్చు మీద నేను అరమండి కూర్చున్న ఏళ్లన్నీ గుర్తొచ్చాయి. తుంటి నుంచి తిరగాల్సిన కాలును మోకాలు దగ్గర మెలితిప్పాను. నా మోకాలు పోవడానికి అదే కారణమని డాక్టరు చెప్పలేదు, నేనూ చెప్పను. మాస్టారి మీద కోపమూ లేదు. వాళ్ల గురువు ఆయనకు ఎలా చెప్పారో ఆయన మాకు అలాగే చెప్పారు, ప్రాణం పెట్టి చెప్పారు. కానీ నేను కూడా పద్నాలుగేళ్లు మీ పిల్లలకు అలాగే చెప్పానన్న సంగతి ఆ శనివారం నాకు తెలిసింది. ఆ మధ్యాహ్నం నుంచి నా క్లాసు మారింది. ఇప్పుడు మా పిల్లలు ముందు తుంటి ఎక్కడుందో తెలుసుకుంటారు, ఆ తర్వాతే అరమండి.

బ్యాలే టీచరుగారు ఎగిరి చూపించరు. ఎగరలేరు. రెండు అరచేతుల్నీ పాదాల్లా చేసి గాల్లో చూపిస్తారు. ఆ చేతుల్ని చూసి పిల్లలు కాళ్లు కదుపుతారు. పెద్ద కంపెనీల్లో కూడా అడుగులు అలాగే చెప్పుకుంటారట. మడమ నేలకు ఆనకుండా దిగిన పిల్లను, ఆ శబ్దాన్ని బట్టి, వెనక్కి తిరగకుండానే పట్టేస్తారు. ఇవన్నీ హంసల గుంపులో ఆడినప్పుడు వచ్చిన విద్యలు కావు. మానేశాక రెండేళ్లు చదువుకుని, మరో అయిదేళ్లు తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నానని ఆవిడే చెప్పారు.

పాయింట్ షూల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో మనవాళ్లు ఉన్నారు. వేళ్ల కొస మీద నిలబడటానికి కట్టే ఆ గట్టి షూలు పిల్లలకు సుమారు పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక, అది కూడా చీలమండకు, పొట్టకు, వీపుకు బలం వచ్చిందని చూసుకున్నాకే ఇస్తారు. ఎదుగుతున్న ఎముకల మీద ముందే బరువు వేస్తే చేటు. మన తల్లి ఒకావిడ తొమ్మిదేళ్ల పాపకు అవి వేయించమని పట్టుబట్టారు. ఫోటోకి బాగుంటుందని. టీచరుగారు ఒప్పుకోలేదు. ఆ పాపను వేరే చోట చేర్చేశారు. పిల్ల పోయింది, ఫీజు పోయింది. అయినా ఆవిడ మాట మార్చలేదు. మన పిల్ల కాళ్లను మనకంటే ముందు కాపాడిన మనిషిని పట్టుకుని “టీచరేగా” అంటామా?

ఇంకొక పెద్ద సంగతి. బ్యాలే ఈ దేశానిది కాదు. ఇటలీ, ఫ్రాన్స్, రష్యాలు దాటి ఇక్కడికి వచ్చింది. దాన్ని ఎవరు మోసుకొచ్చారు? ఎక్కువగా, ఆడటం మానేసినవాళ్లు.

నికొలాయ్ సెర్గెయేవ్ అని ఒకాయన ఉండేవారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ మారిన్‌స్కీ థియేటర్‌లో రిహార్సళ్లు నడిపించే ఉద్యోగం. విప్లవం తర్వాత రష్యా వదిలి వచ్చేటప్పుడు ఆయన వెంట అడుగుల గుర్తులు రాసిన నోటుపుస్తకాల కట్టలు వచ్చాయి. స్టెపనోవ్ అనే ఆయన కనిపెట్టిన లిపిలో రాసినవి. 1930లలో లండన్‌లో ఆ కాగితాలు దగ్గర పెట్టుకునే ‘జిసెల్’, ‘స్వాన్ లేక్’, ‘నట్‌క్రాకర్’ ఇక్కడి కుర్ర కంపెనీకి నేర్పారు. డిసెంబరు వచ్చిందంటే మనం పిల్లల్ని తీసుకెళ్లి చూపించే కథలు ఈ దేశంలో వేళ్లూనుకున్నది ఆ మనిషి రిహార్సళ్లతోనే.

కాగితం మీద అంతా నిలవదు. అడుగు నిలుస్తుంది, ఆ అడుగు వేసేటప్పటి చూపు నిలవదు. కూచిపూడి తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. భామాకలాపంలో “భామనే సత్యభామనే” అన్న దరువు అక్షరాలు పుస్తకంలో దొరుకుతాయి, ఆ జడ ముందుకు వేసుకునే తీరు దొరకదు. 1910లో ప్యారిస్‌లో ‘ఫైర్‌బర్డ్’ బ్యాలే మొట్టమొదట ఆడిన తమారా కర్సావినా తర్వాత లండన్‌లోనే స్థిరపడ్డారు. 1954లో ఇంగ్లిష్ నర్తకి మార్గో ఫాంటేన్ ఆ పాత్ర చెయ్యబోతుంటే, డెబ్భైకి దగ్గరపడిన కర్సావినా దగ్గరుండి నేర్పారు. మరో ఆరేళ్లకు, బ్యాలేలు కూర్చే ఫ్రెడరిక్ ఆష్టన్ ‘లా ఫీ మాల్ గార్దే’ కొత్తగా కూర్చుతున్నప్పుడు, కథానాయిక తనకు పెళ్లయి పిల్లలు పుట్టినట్టు ఊహించుకునే మూకాభినయం పాత రష్యన్ పద్ధతిలో ఎలా ఉండేదో ఆవిడే ఆయనకు చెప్పారు. ఇప్పటికీ ఆ బ్యాలేలో ఆ ఘట్టం ఉంది. రష్యాలో గలీనా ఉలానోవా కథా అంతే. 1960లో ఆడటం మానేశాక మాస్కోలోని బోల్షోయ్ థియేటర్లోనే దశాబ్దాలపాటు తర్వాతి తరానికి పాత్రలు నేర్పుతూ ఉండిపోయారు. యెకతెరీనా మాక్సిమోవా, వ్లదీమిర్ వాసిలియేవ్ ఆవిడ చేతిలో తయారైనవాళ్లు.

ఇక నినెట్ ద వల్వా. పుట్టింది ఐర్లాండ్‌లో, 1898లో. దియాగిలెవ్ అనే రష్యన్ నడిపిన కంపెనీలో 1923 నుంచి రెండేళ్లు ఆడి, 1926లో, ఇంకా ముప్పై నిండకుండానే, లండన్‌లో బ్యాలే స్కూలు తెరిచారు. 1931లో ఆ స్కూలు అమ్మాయిలతోనే కంపెనీ మొదలైంది. 1956లో దానికి రాజముద్ర దొరికి రాయల్ బ్యాలే అయింది. 1946లో ఆవిడే పెట్టిన రెండో బృందం 1990లో మన ఊరికి తరలివచ్చి బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలే అయింది. హిప్పొడ్రోమ్ థియేటర్‌లో మనం టికెట్టు కొని చూసేది దాన్నే. 102 ఏళ్లు బతికారావిడ. ఆడిన కాలంతో పోలిస్తే నేర్పిన, నడిపిన కాలం ఎన్నో రెట్లు. ఇంకో పదేళ్లు వేదిక మీదే ఆడి ఉంటే ఒక మంచి నర్తకి పేరు మిగిలేది. క్లాసు తెరవబట్టి ఒక దేశానికి బ్యాలే వచ్చింది.

మనకు ఈ గౌరవం కొత్తగా ఎవరో నేర్పాలా? మన భాగవత మేళంలో సూత్రధారుడు ఎవరు? మేళంలో పెద్ద. తాళం వేసి ఆట నడిపించే నట్టువాంగం ఆయనదే, ఎవరు ఎప్పుడు రావాలో చెప్పేది ఆయనే, భామాకలాపంలో మాధవిగా మారి సత్యభామను మాటల్లోకి దింపేదీ ఆయనే. ఏళ్ల తరబడి వేషాలు కట్టినవాడికే ఆ చోటు. ఆయన్ని చూసి “ఒకప్పటి వేషగాడు” అని మన తాతలు అనలేదు. వెంపటి చినసత్యం గారు కూచిపూడి నుంచి మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ పెట్టి, నేర్పుతూ నృత్యనాటకాలు కూర్చుతూ 2012లో పోయేదాకా గడిపారు. ఆ నృత్యనాటకాలను మనవాళ్లు బ్యాలేలనే పిలిచేవారు. మా చిన్నప్పుడు “సత్యంగారి బ్యాలే వస్తోంది” అంటే ఊరంతా కదిలేది. ఆ మాట వింటూ పెరిగిన పెద్దలే ఈ రోజు “టీచరేగా” అంటుంటే బాధగా ఉండదా?

కంపెనీని నడిపించే దర్శకత్వం గురించి కూడా రాయాలి, ఎందుకంటే కొందరు అమ్మానాన్నలు ఇంకో వైపు తప్పు చేస్తున్నారు. “టీచరు కాదు, డైరెక్టరు అవుతుంది మా అమ్మాయి” అంటారు. అవ్వాలని నేనూ దేవుణ్ని కోరుకుంటాను. కానీ బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలే ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ఆ కుర్చీలో కూర్చున్నది ముగ్గురే: పీటర్ రైట్, డేవిడ్ బింట్లీ, ఇప్పుడు కార్లోస్ అకోస్టా. ముగ్గురూ ముందు నాట్యకారులే. ముగ్గురూ మగవాళ్లే. లండన్ రాయల్ బ్యాలేలో ద వల్వా 1963లో దిగిపోయాక ఆ చోటుకు వచ్చిన మరో ఆడమనిషి మోనికా మేసన్ ఒక్కరే. ఆవిడ 1958లో పదహారేళ్లకే కంపెనీలో చేరి, ఆడి, రిహార్సళ్లు చేయించి, సహాయ డైరెక్టరుగా చేసి, 2002లో డైరెక్టరయ్యారు. నలభై నాలుగేళ్లు పట్టింది. ఆడవాళ్లు పెట్టిన ఇళ్లలో ఆడవాళ్లకు పెద్దరికం ఇంత అరుదుగా దొరకడం నాకు మింగుడు పడదు. ప్లేటు వదిలేసి వెళ్లిన ఆ అమ్మాయి పెద్దయ్యేసరికైనా ఇది మారాలి.

మోనికా మేసన్ తర్వాత వచ్చిన కెవిన్ ఓ’హేర్ కథ పిల్లలకు చెప్పండి. బర్మింగ్‌హామ్‌లో ముఖ్య నాట్యకారుడిగా ఆడి 2000లో మానేశారు. వెంటనే పెద్ద కుర్చీ వెతుక్కోలేదు. రాయల్ షేక్స్‌పియర్ కంపెనీకి వెళ్లి ఒక నాటక బృందాన్ని ఎలా నడుపుతారో నేర్చుకున్నారు. తిరిగొచ్చి బర్మింగ్‌హామ్ కంపెనీకి మేనేజరుగా, తర్వాత లండన్‌లో మేనేజరుగా పనిచేశారు. అంటే బస్సులు, హోటళ్లు, ఒప్పందాలు, దెబ్బ తగిలినవాళ్ల బదులు రాత్రికి ఎవరు ఆడాలి అన్న టెన్షన్, అదీ పని. 2012లో డైరెక్టరయ్యారు. పన్నెండేళ్ల చదువు అది.

అకోస్టాది అందరికీ తెలిసిన కథ. హవానాలో లారీ డ్రైవరు కొడుకు, పదకొండో సంతానం. అల్లరి తగ్గుతుందనీ, మధ్యాహ్నం భోజనం పెడతారనీ తండ్రి బ్యాలే స్కూల్లో చేర్పించాడు. 1990లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్ బ్యాలే పోటీల్లో స్వర్ణం, 1998 నుంచి పదిహేడేళ్లు రాయల్ బ్యాలేలో. అక్కడ ఆడుతూనే 2013లో ‘డాన్ కిహోతె’ బ్యాలేను తనే దర్శకత్వం చేసి నిలబెట్టారు. మానే రోజు కోసం ఆగలేదన్న మాట. 2020 జనవరిలో మన ఊరి కంపెనీ పగ్గాలు తీసుకున్నారు. రెండు నెలలకే కరోనాతో థియేటర్లు మూతపడ్డాయి. 2023లో నగర కౌన్సిల్ డబ్బు లేదని చేతులెత్తేసింది, ఆ తర్వాత కళాసంస్థలకిచ్చే డబ్బులో కోతలు పడ్డాయి. వాటిలో ఈ కంపెనీ కూడా ఉంది. ఆ మధ్యలోనే 2022లో స్కూలు దాటిన కుర్రవాళ్ల కోసం చిన్న బృందం ఒకటి పెట్టారు, 2023లో ఈ ఊరి రాక్ బ్యాండ్ బ్లాక్ సబాత్ పాటల మీద బ్యాలే తెచ్చారు. ఎప్పుడూ బ్యాలే గడప తొక్కనివాళ్లు కూడా వచ్చారు దానికి. మా వీధిలో ప్లంబరు పని చేసే అతను వచ్చి నాకు కథంతా చెప్పాడు.

నేర్పేవాళ్లందరూ దేవుళ్లని నేను అనడం లేదు. 2023లో బీబీసీ ఒక కార్యక్రమం వేసింది. ఈ దేశంలో పేరున్న బ్యాలే స్కూళ్లలో చదివినవాళ్లు, తమ ఒంటి గురించి టీచర్లు అన్న మాటల వల్ల తిండి మానేసి జబ్బు పడ్డామని అందులో చెప్పారు. అది చూసి చాలామంది తల్లులు నాకు ఫోన్ చేశారు. నా మాట ఇదీ: బాగా ఆడినంత మాత్రాన బాగా చెప్పడం రాదు. వేదిక దిగిన మర్నాడే, ఏ శిక్షణా లేకుండా, “నీకు వచ్చుగా, చెప్పెయ్” అని పిల్లల ముందు నిలబెడితే తనకు జరిగినదే తిరిగి జరిపిస్తారు. నేనూ అదే చేశానని పైన రాశాను. రాయల్ అకాడెమీ ఆఫ్ డాన్స్ 1920 నుంచి నేర్పేవాళ్లకు శిక్షణ ఇచ్చే పని మీదే ఉంది. దాని మొదటి అధ్యక్షురాలు అడెలిన్ జెనే కూడా వేదిక దిగిన నర్తకే. కంపెనీల్లో ఆడి వచ్చినవాళ్లకని ప్రత్యేకంగా టీచింగ్ కోర్సు కూడా అక్కడ ఉంది. ఎంతో ఆడి వచ్చిన మనిషి మళ్లీ విద్యార్థిగా కూర్చుని, పిల్లల ఎముకలు ఎలా ఎదుగుతాయో, భయపడే పిల్లతో ఎలా మాట్లాడాలో చదువుకోవడం చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. టీచింగ్‌ను మనం చిన్నచూపు చూసినన్నాళ్లూ ఆ చదువు అనవసరం అనుకుంటాం. అనవసరం అనుకున్నచోటే పిల్లలు దెబ్బ తింటారు.

అమ్మానాన్నలూ, మీ అమ్మాయిని చేర్చే ముందు స్కూలును అడగండి: మీ టీచర్లు ఎక్కడ ఆడారు అని కాదు, చెప్పడం ఎక్కడ నేర్చుకున్నారు అని. మామూలు చదువు ఆపొద్దు, ఇంటర్ లాంటి ‘ఏ లెవెల్స్’ పరీక్షలు పూర్తి చేయించండి. సంగీతం చదవడం రానివ్వండి, రిహార్సల్ గదిలో అది అన్నం పెడుతుంది. పదహారేళ్లకే చిన్నపిల్లల క్లాసులో సాయంగా నిలబడే అవకాశం ఉంటే వద్దనకండి, చదువు పాడవుతుందని భయపడకండి. తొలి జీతం నుంచే కొంత పక్కన పెట్టించండి. టీచరు జీతాలు గొప్పగా ఉండవు. నేను దాచను. హాలు అద్దె పోగా నాకు మిగిలేది ఎంతో నా భర్తకు తెలుసు. అందుకే ఆ గౌరవమైనా దక్కాలని అడుగుతున్నాను. క్లాసు మానిపించేటప్పుడు ముందు చెప్పండి, ఫీజు అడిగించుకోకండి.

సంఘాల పెద్దలూ, మీకు ఒక్క మనవి. దీపావళికి కరపత్రం వేసేటప్పుడు పిల్లల పేర్ల కింద నేర్పినవాళ్ల పేరు వెయ్యండి, కూచిపూడి అయినా, బ్యాలే అయినా, మృదంగం అయినా. చివర్లో పూలగుత్తి ఇచ్చి దింపెయ్యకుండా, ఆ అంశం ఎలా కూర్చారో రెండు నిమిషాలు చెప్పనివ్వండి. పరిచయం చేసేటప్పుడు “ఒకప్పటి” అన్న మాట తీసెయ్యండి. మీ నిధుల్లోంచి ఏడాదికి ఒక్కరికైనా, ఆడటం మానేసి నేర్పడానికి చదువుకోవాలనుకునే తెలుగు నర్తకికి ఫీజు కట్టగలరేమో కమిటీలో మాట్లాడండి. ఆ మీటింగుకు పిలిస్తే నేను వస్తాను.

వచ్చే నెల మొదటి శనివారం బ్యాలే క్లాసుకు ఈ టర్ములో ఆఖరి రోజు. తల్లిదండ్రులు, పెద్దలు వెనక కూర్చుని చూడొచ్చని టీచరుగారు చెప్పారు. పది గంటలకు మొదలవుతుంది. బూట్లు బయటే విప్పాలి, చెక్క నేల పాడవుతుంది. ఉగాది రోజు ప్లేటు వదిలేసి వెళ్లిన అమ్మాయి కూడా వస్తోంది. సెప్టెంబరులో స్కూలు తెరిచేలోపు ప్రతి శనివారం టీచరుగారికి సాయం చేస్తానని అడిగి చేరింది. ఆ రోజు చిన్నపిల్లల ప్లియే ఆ అమ్మాయే చేయిస్తుంది. పెద్దాయనకు నా పక్క కుర్చీ ఉంచుతాను. రమ్మని ఫోన్ కూడా చేశాను, వస్తానన్నారు.

ఇట్లు,
శనివారం హాల్లో మీ పిల్లలకు కూచిపూడి చెప్పే టీచర్